లెక్కకు ఎక్కువైన కంబళి

"పడవ ఎక్కడ?"

గోరంట్ల చెరువుల కార్యాలయంలో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు. సువర్ణ తలెత్తింది. ఎదురుగా భరత్‌కుమార్. వయసు ముప్పై లోపు. గుంటూరు వైపు మనిషి. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ట్యాబ్ పట్టుకుని వచ్చి కూర్చున్నవాడు రెండు గంటల్లో కుర్చీలు, ఫ్యాన్లు, కొలత గొలుసులు, గోడ మీది చెరువుల పటం దాకా నూటపదకొండు వస్తువులకు టిక్కు పెట్టాడు. జాబితాలో ఉన్నవి నూటపన్నెండు.

"ఏ పడవ సార్?"

"నలభై ఏడో నంబరు. 'పడవ, ఇనుము, ఒకటి, తెడ్లు రెండింటితో సహా.'" ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. "పక్కన 'ఉన్నది' అని రాశారు. కింద సంతకం ఎవరిది?"

సంతకం సువర్ణది. ఒక్క సంవత్సరానిది కాదు, తొమ్మిది సంవత్సరాలది. ప్రతి మార్చిలోనూ వస్తువుల తనిఖీ కాగితం రాసేది ఆమే. రాయడమంటే ముందు సంవత్సరం కాగితం పక్కన పెట్టుకుని చూసి రాయడం. కుర్చీలు, ఉన్నవి. గొలుసులు, ఉన్నవి. పడవ, ఉన్నది. ఆ మాట రాసేటప్పుడు ఏదో ఒక చెరువు దగ్గర ఉంటుందిలే అనుకునేది. ఏ చెరువులోనూ మోకాలి లోతు నీళ్ళు లేవని తెలిసి కూడా అనుకునేది.

"నాదే సార్," అంది.

"అయితే చూపించండి."

సువర్ణ పక్క గదిలోకి చూసింది. అక్కడ ఇంజినీరు హరినాథ్ మధ్యాహ్నం మాత్ర వేసుకుంటున్నాడు. మాట ఆయనకు వినబడింది.

"నేను ఈ జిల్లాలోనే పుట్టినా సార్," అన్నాడు కూర్చున్న చోటు నుంచే. "యాభై ఏడేండ్లు. పడవను సినిమాలో చూసినా."

భరత్‌కుమార్ నవ్వలేదు. నవ్వడానికి వచ్చినవాడు కాదు. జిల్లాలో నీటి కోసం మూడు కార్యాలయాలు ఉన్నాయి. ఒకటి చెరువులు చూస్తుంది, ఇంకొకటి బోరుబావులు, మూడోది చెక్‌డ్యాములు. మూడింటికి మూడు అద్దె భవనాలు, మూడు జీపులు. చూసేది మాత్రం ఒకే నీటిని, అదీ లేని నీటిని. ఖర్చు తగ్గించడానికి ఈ మూడింటినీ రద్దు చేసి ధర్మవరంలో ఒకే కార్యాలయం పెట్టమని ఉత్తర్వు వచ్చింది. వస్తువులు లెక్కజూసి అప్పగింతలు పూర్తి చేయించడం భరత్‌కుమార్ పని. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

ఉత్తర్వు వచ్చిన రోజు మిగతా రెండు కార్యాలయాల్లో ధర్నా చేద్దామా అన్న మాట నడిచింది. గోరంట్లలో సువర్ణ మైసూరుపాకు పంచింది.

ఆమె ఇల్లు ధర్మవరంలో. తొమ్మిదేళ్ళుగా పొద్దున ఆరూ పదికి బస్సు ఎక్కుతోంది, రాత్రి ఎనిమిదికి దిగుతోంది. కూతురు పదో తరగతి ఎప్పుడు పూర్తి చేసిందో ఆమెకు బస్సులోనే తెలిసింది. కొత్త కార్యాలయం కోసం తీసుకున్న భవనం ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. ఆదివారం నడిచి చూసి వచ్చింది. ఏడు నిమిషాలు.

"ఒక మాట చెప్పాలి మేడమ్," అన్నాడు భరత్‌కుమార్, ఇప్పుడు కొంచెం మెత్తగా. "వస్తువుల లెక్క తేలకపోయినా కార్యాలయం మూతపడుతుంది. కానీ లెక్క తేలేదాకా వస్తువుల బాధ్యులు అక్కడే ఉండాలి. ఉత్తర్వులో ఆరో పేరా."

"మూసేసిన ఆఫీసులోనా?"

"మూసేసిన ఆఫీసులోనే."

అంతటితో అయిపోలేదు. చివరి బీరువా అడుగు అరలోంచి అతను ఒక పొట్లం బయటికి తీశాడు. పసుపుపచ్చగా మారిన పత్రిక కాగితం, లోపల కలరా ఉండలు, వాటి మధ్య మడత పెట్టిన నల్ల కంబళి. పత్రిక మీద తేదీ పంతొమ్మిదేళ్ళ కిందటిది.

"ఇది జాబితాలో లేదు."

"వాచ్‌మన్ ఓబన్నది అనుకుంటా సార్. ఆయప్ప పోయి ఆరేండ్లయింది."

"ఒకటి తక్కువ. ఒకటి ఎక్కువ." ట్యాబ్ మూశాడు. "తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. శుక్రవారం లోపల రెండూ తేల్చండి."

*

ఆ మధ్యాహ్నం సువర్ణ యాడికి అనే ఊరికి ఫోను చేసింది.

యాడికిలో రామాంజనేయులు అనే గుమాస్తా ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట అక్కడి విత్తనాల గిడ్డంగి కార్యాలయాన్ని ఇలాగే రద్దు చేశారు. పెద్ద తక్కెడ ఒకటి లెక్కకు దొరకలేదు. అంతే. అందరూ వెళ్ళిపోయారు, రామాంజనేయులు మిగిలాడు. బోర్డు కూడా పీకేశారు. ఆయన మాత్రం రోజూ పదిన్నరకు తాళం తీస్తాడు, హాజరు పుస్తకంలో తన పేరు ఎదుట తానే సంతకం పెడతాడు, ఐదుకు తాళం వేస్తాడు.

"ఎట్లుండాది సార్ ఆడ?" అని అడిగింది.

"బాగానే ఉండాది లేమ్మా. పని లేదు. ఫ్యాను ఉండాది. మాట్లాడేదానికే మనిషి లేడు. నువ్వు ఫోను చేస్తివి కాబట్టి ఈ రోజు గొంతు లేచింది. ఇంగో ఐదు నిమిషాలు మాట్లాడమ్మా, అంత అర్జంటుగా యాడికి పోవల్ల నువ్వు?"

సువర్ణ ఇరవై నిమిషాలు మాట్లాడింది. సాయంత్రం కంబళిని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఎందుకు తీసుకెళ్తోందో ఆమెకే తెలియదు. దొరకని పడవను చేతిలో పట్టుకోవడం కుదరదు కాబట్టి, దొరికినదాన్ని పట్టుకుంది.

*

మార్కండేయ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మామిడి పిందెల అంచు, సగానికి వచ్చింది. భార్య చెప్పిందంతా ఆగకుండా నేస్తూనే విన్నాడు. కంబళి బయటికి తీయగానే మాత్రం చేయి ఆగింది.

"ఇట్లియ్యి."

వేళ్ళతో అంచు తడిమాడు. వెనక్కి తిప్పాడు. ఒక మూల ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పట్టు నేసేవాడు ఉన్ని చూస్తున్నాడు, కానీ చూసే పద్ధతి ఒకటే.

"ఇది కప్పుకున్న కంబళి కాదు," అన్నాడు.

"ఎట్ల చెప్తావు?"

"కంబళికి చింతగింజల గంజి పట్టిస్తారు. కప్పుకొని నాలుగు వానలు తడిస్తే గంజి పోయి మెత్తబడతాది. దీనికి గంజి అట్లే ఉండాది, విను." మడత విప్పాడు. ఎండుటాకు విరిచినట్టు చప్పుడైంది. "మగ్గం దిగినాక ఇది ఎవురి వీపుకూ తగల్లేదు. పంతొమ్మిదేండ్లు ఊరికే దాచి పెట్టినారు."

"ఓబన్న చలికి కప్పుకొనేదానికి తెచ్చుకున్నాడేమో అనుకుంటి."

"ఓబన్న చలికి చచ్చినా కప్పుకోడు దీన్ని. ఈ మూల చూడు."

కంబళి ఒక మూల ఎర్రదారంతో ఒక గవ్వ కుట్టి ఉంది. గవ్వ చిన్నది, కుట్టు గట్టిది.

"మా నాయన చీరలు మూటగట్టుకొని సైకిలు మీద మడకశిర తట్టు తిరుగుతాండె గదా," అన్నాడు మార్కండేయ. "ఒకతూరి ఒక గొర్రెలాయన పెండ్లాన్ని ఆసుపత్రికి తీసుకపోవల్లని సైకిలు అడిగినాడంట. ముక్కూ మొగమూ తెలీనోడు. ఎట్లిస్తాడు? అప్పుడు ఆయప్ప ఇంట్లోకి పోయి కొత్త కంబళి తెచ్చి, మూలకు గవ్వ కుట్టించి చేతిలో పెట్టినాడు. 'ఇది తెచ్చి నా ముందర పెట్టు, నీది నీకు ఇస్తా' అన్నాడు. ఆ ఇంటోళ్ళకు కాగితం అంటే అదే. నాయన నెల దినాలు ఆ కంబళిని ఎవుర్నీ ముట్టనియ్యలే. కప్పుకుంటే మాట చెడినట్టంట."

"సైకిలు వచ్చిందా?"

"కొత్త టైర్లు వేయించి ఇచ్చినాడు."

సువర్ణ కంబళి వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"అంటే మా ఆఫీసు నుంచి ఎవురో ఏందో తీసుకపోయినారు."

"పెద్దదే తీసుకపోయుంటారు. సైకిలుకు ఇచ్చినదానికంటే ఇది రెండింతలు బరువుండాది."

ఇద్దరి బుర్రలోకీ ఒకే మాట ఒకేసారి వచ్చింది. పైకి అన్నది మార్కండేయే.

"కానీ గొర్రెలోనికి పడవెందుకే?"

"అది వాణ్ణే అడగాల," అంది సువర్ణ. "రేపు పోతా."

మార్కండేయ మగ్గం మీద ఉన్న చీర వైపు ఒకసారి చూశాడు. షావుకారుకు శనివారం ఇవ్వాలి. గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు.

"నీకు కంబళి భాష తెలీదు. నేనూ వస్తా."

*

బుధవారం. పెనుకొండలో బస్సు మారి, మడకశిరలో దిగేసరికి పదకొండు. స్టాండు బయట గాలి ఈడ్చి కొడుతోంది. వాన మాత్రం లేదు.

టీకొట్టు పక్కన భద్రమ్మ అనే ముసలామె కంబళ్ళు పరుచుకుని అమ్ముతోంది. మార్కండేయ బేరం ఆడేవాడిలా కూర్చున్నాడు. నాలుగు కంబళ్ళు తిరగేశాడు, రెండింటిని మెచ్చుకున్నాడు, ఒకదానికి వంక పెట్టాడు. అప్పుడు సంచిలోది బయటికి తీశాడు.

భద్రమ్మ కంబళిని చూడలేదు. సరాసరి మూల పట్టుకుంది. గవ్వ మీద బొటనవేలు పెట్టింది.

"యారదు, ఎవురిది ఇది? మీకెట్ల వచ్చె?"

"ఎవురి ఇంటిది అవ్వా?" అన్నాడు మార్కండేయ.

"గవ్వను నోరు కిందికి పెట్టి కుట్టేది ఒక్క బసప్ప ఇంట్లోనే. మిగతావాళ్ళు పైకి పెట్టి కుడతారు." ముసలామె సువర్ణను పైనుంచి కిందిదాకా చూసింది. "మాట అడిగేదానికి వచ్చినారా?"

"అవునవ్వా."

"పో. ఇచ్చేస్తాడు. ఇయ్యకపోతే వచ్చి నాకు చెప్పు."

బసప్ప ఉండేది అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరంలోని గొర్రెలవాళ్ళ హట్టిలో. ఇరవై ముప్పై ఇళ్ళు, ఇళ్ళకంటే పెద్ద దొడ్లు. షేర్ ఆటో దిగగానే ముందు వాసన తగిలింది. గొర్రెల వాసన కాదు, ఆసుపత్రి వాసన. తర్వాత అరుపులు వినబడ్డాయి. దారి పొడుగునా మందలు నిలబడి ఉన్నాయి. ఉన్ని కత్తిరించిన గొర్రెలు, గుండు కొట్టించుకున్న పిల్లల్లా ఉన్నాయి.

బసప్ప అరవై దాటిన మనిషి. తలపాగా తీసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సువర్ణ మార్కండేయ నేర్పినట్టు కంబళిని ఆయన ముందు నేల మీద పెట్టింది.

బసప్ప వంగి రెండు చేతులతో ఎత్తుకుని కళ్ళకద్దుకున్నాడు.

"పంతొమ్మిదేండ్లాయె తాయీ," అన్నాడు. "ఎప్పుడొస్తారా అని చూస్తాంటిమి. ఓబన్న బాగుండాడా?"

"పోయినాడు. ఆరేండ్లాయె."

"అయ్యో. మంచోడు." కంబళిని చంకలో పెట్టుకున్నాడు. "రండి. మీ వస్తువు చూపిస్తా."

దొడ్డి వెనక ఆమె పడవను చూసింది.

సగం భూమిలోకి దించి ఉంది. పన్నెండడుగుల ఇనుప పడవ. లోపల పాలలాంటి తెల్లటి మందునీళ్ళు అంచుదాకా. ఒక వైపు నుంచి గొర్రెను తోస్తున్నారు, అది బుడుంగున మునిగి, ఈదుకుంటూ వచ్చి, రెండో కొసన పేర్చిన రాళ్ళ మెట్లెక్కి, ఒళ్ళు విదిలించుకుని పోతోంది. వెంటనే ఇంకొకటి. పడవ పక్కన నిలబడిన బసప్ప భార్య, తల పైకెత్తిన ప్రతి గొర్రె తలనూ ఒక పొడుగాటి కర్రతో లోపలికి ఒత్తుతోంది. సువర్ణ ఆ కర్రను పరీక్షగా చూసింది. అది కర్ర కాదు, తెడ్డు.

రెండో తెడ్డు దొడ్డి తలుపుకు గడియగా ఉంది.

"ఆ ఏడు పిడుదులు పట్టి మందలకు మందలు పోయినాయి తాయీ," అన్నాడు బసప్ప. "మందుంది. ముంచేదానికి తొట్టి లేదు. కాలువ పక్క చెరువులో నీళ్ళు ఇంకిపోయి నడిమధ్యన ఇది కూర్చోని ఉండె. ఓబన్న కాపలా. నీళ్ళే లేనిచోట పడవకు కాపలా ఏందప్పా అంటి. ఆయప్పకు నవ్వొచ్చె. పైవాళ్ళను అడిగి ఇస్తా, ఏదన్నా గుర్తు పెట్టిపో అనె. కంబళి పెట్టినా. ఏడు హట్టీల గొర్రెలు ఇందులోనే మునుగుతాయి. ఏటికి రెండుసార్లు."

చెప్పడం ఆపి వెనక్కి తిరిగి కేక వేశాడు.

"ఏ రాజేంద్రా, గడ్డపారలు తీస్కరాప్పా. నీళ్ళు వంచేయండి. ట్రాక్టరు పిలువు."

కొడుకు రాజేంద్ర వచ్చాడు, చేతిలో గడ్డపారతో. ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. బసప్ప భార్య తెడ్డు కడిగి సువర్ణ కాళ్ళ దగ్గర పెట్టింది. దారిలో నిలబడ్డ మందల వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, తమ గొర్రెలను వెనక్కి మళ్ళించడం మొదలుపెట్టారు.

వాళ్ళు కొట్లాడి ఉంటే సులభంగా ఉండేది. ఉత్తర్వు చూపించేది, గొంతు పెంచేది, పడవ ఎత్తించుకుని పోయేది. గడ్డపార మొదటి పోటు మట్టిలో దిగింది. శుక్రవారం సాయంత్రం ఐదు, ఏడు నిమిషాల నడక, ఇంటి ముందు తాను సాయంత్రాలు చల్లబోయే కళ్ళాపి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆ వెనకే యాడికి రామాంజనేయులు గొంతు.

"ఆపండి," అంది.

రాజేంద్ర ఆగాడు.

"అట్లుండనీ. నేను మా సార్‌తో మాట్లాడతా."

"కంబళి తెచ్చి పెట్టినాక మేము ఇయ్యకుండా ఉండకూడదు తాయీ," అన్నాడు బసప్ప. ఆయన గొంతులో భయం మొదటిసారి వినబడింది. "మాట పోతాది."

"ఇచ్చినావు గదన్నా. ఇప్పుడు అది నాది. నాదాన్ని నేను ఈడ పెట్టుకున్నా. సరేనా?"

మార్కండేయ పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

సువర్ణ గట్టు ఎక్కింది, సిగ్నల్ అక్కడే వస్తుందని రాజేంద్ర చెప్పాడు. భరత్‌కుమార్‌కు మొత్తం చెప్పింది. ఒక్క మాట దాచలేదు. తొమ్మిదేళ్ళు చూడకుండా సంతకం పెట్టానని కూడా చెప్పింది.

అవతల ట్యాబ్ మీద వేళ్ళు టకటకమన్నాయి.

"రేపు పదకొండుకు వస్తాను," అన్నాడు. "కానీ మేడమ్, నా ట్యాబ్‌లో నాలుగు గడులు ఉంటాయి. నంబరు, ఉన్న చోటు, స్థితి, రసీదు. నాలుగూ నిండాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా మీ పేరు గోరంట్లలోనే రాస్తాను. నాకు ఇష్టం లేకపోయినా రాస్తాను."

*

గురువారం పదకొండుకు హట్టికి జీపు వచ్చింది. భరత్‌కుమార్ దిగాడు. బూట్లు పాలిష్ చేసి ఉన్నాయి. పది అడుగులు వేసేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

"నంబరు," అన్నాడు.

పడవ పక్కలకు ఏటేటా పూసిన తారు వేలి మందాన పేరుకుని ఉంది. రాజేంద్ర ముందు కొసన కత్తితో గీకాడు. మొదట తుప్పు, తర్వాత నీలిరంగు, చివరికి తెల్లటి అంకెలు. నాలుగు. ఏడు. మొదటి గడి నిండింది.

"ఉన్న చోటు." ఫొటో తీశాడు. రెండో గడి నిండింది.

"స్థితి. పనిచేస్తున్నదా, లేదా?" తలెత్తి చుట్టూ చూశాడు. కనుచూపు మేర ఎర్రమట్టి. వేరుశనగ చేలు వాన కోసం చూస్తున్నాయి. "పడవ అంటే తేలాలి. తేలుతుందని నేను ఎలా రాయాలి?"

ఈ ప్రశ్న వస్తుందని సువర్ణ అనుకోలేదు. చెరువు నింపి చూపించడానికి ఆమె దగ్గర ఏముంది?

బసప్ప గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక మాట. మామూలు పడవకు నీళ్ళు బయట ఉంటాయి. దీనికి లోపల ఉండాయి. అంతే గదా తేడా?"

"అయితే?"

"పంతొమ్మిదేండ్లుగా లోపలి నీళ్ళు ఒక్క చుక్క బయటికి పోలే. పోతే మందు దండగ, మేము ఊరుకుంటామా? లోపలివి బయటికి పోని చోట, బయటివి లోపలికి ఎట్ల వస్తాయి?"

భరత్‌కుమార్ బసప్పను చూశాడు. పడవను చూశాడు. వంగి మందునీళ్ళ మట్టం దగ్గర చేయి పెట్టి, బయటి మట్టిని తడిమాడు. మట్టి పొడిగా ఉంది. ఆ మూడు రోజుల్లో అతను నవ్వడం సువర్ణ అప్పుడే చూసింది.

"ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళు చదివాను," అన్నాడు. "ఈ పరీక్ష ఎవరూ చెప్పలేదు." మూడో గడిలో 'పనిచేస్తున్నది' అని కొట్టాడు.

మిగిలింది రసీదు.

"దీన్ని పెకలించి ధర్మవరం తోలాలంటే యంత్రం కావాలి, లారీ కావాలి, అక్కడ పెట్టడానికి షెడ్డు కావాలి," అన్నాడు తనలో తాను లెక్కవేసుకుంటున్నట్టు. "నన్ను పంపింది ఖర్చు తగ్గించమని. ఇక్కడే ఉంచడం నాకు ఇష్టమే. వాడుకునేవాళ్ళకు అప్పగించవచ్చని పన్నెండో పేరాలో ఉంది కూడా. కానీ తీసుకున్నట్టు రసీదు ఉండాలి. సంఘం ఏమైనా ఉందా? రబ్బరు ముద్ర?"

"ఏడు హట్టీలకు ముద్ర యాడుంటాది సార్," అన్నాడు రాజేంద్ర.

"పాత ఆఫీసు లేకుండా పోతాందా?" అని అడిగాడు బసప్ప, వేరే ఏదో ఆలోచిస్తూ.

"రేపు సాయంత్రానికి ఉండదు."

"కొత్తది వస్తాదా?"

"ధర్మవరంలో."

"అయితే పాత మాట తీరిపోయె. కొత్త ఆఫీసుకు కొత్త మాట." ఇంట్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు చేతుల మీద ఇంకా గంజి వాసన పోని నల్ల కంబళి. బసప్ప భార్య అరుగు మీద కూర్చుని, ఎర్రదారం పళ్ళతో తెంపి, గవ్వను నోరు కిందికి పెట్టి కుట్టింది. ఐదు నిమిషాల పని. ఎవరూ తొందరపెట్టలేదు.

బసప్ప కంబళిని సువర్ణ చేతుల్లో పెట్టబోయి, ఆగి, భరత్‌కుమార్ వైపు చూశాడు. ఎవరికివ్వాలి అన్నట్టు.

"ఆవిడకే ఇవ్వండి," అన్నాడు భరత్‌కుమార్. "కొత్త ఆఫీసులో వస్తువుల బాధ్యురాలు ఆవిడే." అని ట్యాబ్ వైపు వంగాడు. "రసీదు రకం అన్నచోట మూడు ఉంటాయి. కాగితం, ముద్ర, ఇతరం. ఆ 'ఇతరం' ఎవరి కోసం పెట్టారో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు."

నొక్కాడు. నాలుగో గడి నిండింది.

"మరి పాతది?" అని అడిగింది సువర్ణ. "లెక్కకు ఎక్కువైనది?"

బసప్ప తీరిపోయిన మాట తాలూకు కంబళిని విప్పి, పంతొమ్మిదేళ్ళ మడతలు చప్పుడు చేస్తుండగా, భుజాల మీద కప్పుకున్నాడు. అది పలకలా బిగుసుకుని నిలబడింది. బసప్ప దాని లోపల, గూట్లో కూర్చున్నవాడిలా ఉన్నాడు. భార్య తెడ్డుకు ఆనుకుని నవ్వింది. "నాలుగు వానలు పడనీ, మెత్తబడతాది," అంది. "వాన యాడుండాది?" అన్నాడు బసప్ప.

దారిలో ఆగిన మందలు కదిలాయి. మొదటి గొర్రె పడవలో దూకింది. మందునీళ్ళు భరత్‌కుమార్ ప్యాంటు మీద మోకాళ్ళ దాకా చిందాయి.

*

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు హరినాథ్ గోరంట్ల కార్యాలయం తాళంచెవి ఇంటి యజమాని చేతిలో పెట్టాడు. మార్కండేయ ఆ రాత్రీ మరుసటి పగలూ కూర్చుని చీర పూర్తి చేశాడు. షావుకారు అంచులో వంక వెతికాడు, దొరకలేదు.

సోమవారం సువర్ణ ఇంట్లో పదీ ఇరవైకి బయలుదేరింది. ఆరున్నర నిమిషాలే పట్టింది. చూడ్డానికి వెళ్ళిన ఆదివారం నెమ్మదిగా నడిచింది కాబోలు. ధర్మవరం కార్యాలయంలో మూడు కార్యాలయాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. బోరుబావుల వాళ్ళు, చెక్‌డ్యాముల వాళ్ళు ఒకే కిటికీ కోసం మర్యాదగా పోట్లాడుకుంటున్నారు. ఆమె ఒక బీరువా ఎంచుకుంది. అడుగు అరలో పత్రిక పరిచి, కలరా ఉండలు వేసి, కంబళి పెట్టింది. కొత్త జాబితా తీసి, పాతదాన్ని చూడకుండా, వస్తువును చూసి రాసింది: 'కంబళి, నలుపు, ఒకటి, గవ్వతో సహా. మడకశిర దగ్గర హట్టిలో ఉన్న పడవకు రసీదు. కప్పుకోకూడదు.'

ఒంటిగంటకు ఇంటికెళ్ళి అన్నం తినివచ్చింది. తొమ్మిదేళ్ళలో పనిరోజు మధ్యాహ్నం వేడన్నం అదే మొదలు.

తిరిగి వచ్చి కూర్చున్నాక ఒక మాట మనసులో కదిలింది. యాడికికి ఫోను చేసింది. మొదటి రింగుకే ఎత్తారు.

"రామాంజనేయులు సార్, మీ ఆఫీసులో తక్కెడ తగ్గింది గదా. ఎక్కువైనది ఏమన్నా ఉండాదా?"

"ఎక్కువైనదా?"

"జాబితాలో లేనిది. ఎవురిదో తెలీనిది. మీరు ఊరికే దుమ్ము దులిపి మళ్ళీ ఆడనే పెట్టేది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. బీరువా తలుపు కిర్రుమంది. నాలుగేళ్ళుగా ఒక్కడే ఉన్న గదిలో ఆ చప్పుళ్ళన్నీ స్పష్టంగా వినబడ్డాయి.

"ఒక ఎద్దు మెడ గంట ఉండాదమ్మా. ఇత్తడిది. నాలుక్కు గుడ్డ చుట్టి కట్టేసి ఉండాది. ఎవురో మర్చిపోయినారనుకొని వారానికొకతూరి తుడుస్తాంటా. ఏమి?"

"ఆ గుడ్డ విప్పొద్దు సార్," అంది సువర్ణ. "శనివారం నేనూ మా ఆయనా వస్తాండాము."

ఆలస్యమైంది. ఫోనులో గంట ఒకసారి, చాలా మంచి గొంతుతో, మోగింది.